కారు మీది... దారం వాళ్లది!

అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన అబ్బాయి కారు కొన్నాడు. ఫొటోలు దిగి ఇంటికి పంపాడు. వారం తిరగ్గానే షోరూం నుంచి ఫోను. 'మీ లోను మంజూరు కాలేదు. మళ్లీ సంతకాలు పెట్టాలి, కారు తీసుకుని రండి' అని. తీరా వెళ్తే వడ్డీ పెంచుతారు, లేదంటే డౌన్‌పేమెంటు ఇంకా కట్టమంటారు. పాత కారు వెనక్కివ్వమంటే 'అమ్మేశాం' అనేస్తారు.

దీన్నే అక్కడ 'యోయో ఫైనాన్స్' అంటారు. యోయో బొమ్మను ఎంత దూరం విసిరినా దారం వేలికే ఉంటుందిగా!

అక్కడ చాలామంది డీలర్లు లోను ఖరారు కాకముందే కారు ఇచ్చి పంపేస్తారు. ఏ ఫైనాన్స్ సంస్థా ఒప్పుకోకపోతే అమ్మకం రద్దు చేసుకోవచ్చన్న షరతు కాగితాల్లో ఎక్కడో ఉంటుంది. ఒక్కోసారి లోను నిజంగానే రాదు. ఆ వంకతో బెదిరించేవారూ ఉన్నారు. క్రెడిట్ హిస్టరీ లేని కొత్తవారు తేలిగ్గా దొరికిపోతారు.

లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని 9 డీలర్‌షిప్‌లపై ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో వేసిన కేసులో ఈ ఆరోపణా ఉంది. 2017లో అవి 36 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకొన్నాయి.

మరేం చేయాలి? బ్యాంకులోనో, క్రెడిట్ యూనియన్‌లోనో ముందే లోను మాట్లాడుకోవాలి. ఫైనాన్స్ ఖరారైందని కాగితం మీద రాయించుకున్నాకే కొత్త కారు ఎక్కాలి. అంతవరకూ పాత కారు ఇవ్వకూడదు. ఫోనొస్తే కంగారుపడి సంతకం పెట్టకుండా, లోను ఇవ్వలేదన్న మాట రాసిమ్మనాలి. అమ్మకం రద్దయితే కట్టిన డబ్బు తిరిగి అడగాలి. నిబంధనలు రాష్ట్రానికో తీరు కాబట్టి అక్కడి చట్టం తెలుసుకోవాలి.

'కారు ఏ రంగురా?' అని అడిగే అమ్మానాన్నలు, 'లోను ఖరారైందా?' అని కూడా ఓ మాట అడిగితే మంచిది.