ప్రాథమిక తరగతిలో పెద్దలనాటి సొత్తు

మన ప్రాథమిక పాఠశాలలలో సంస్కృతిని బోధించుట యన, ఏటి కొకనాడు పిల్లలకు వేషములు వేయించుట యని పలువురు తలంచుచున్నారు. సాయంకాలము కాగానే తలపాగలతోపాటు ఆ పాఠము గూడ పెట్టెలోనికి పోవును. మరునాడు తెరచిన పుస్తకములో తన యింటిమాట యొక్కటియు కానరాని బాలుడు, తన పెద్దలకు చెప్పుకొనదగిన దేదియు లేదని తలంపడా? ఈ పద్ధతి నాకు సమ్మతము కాదు.

కీర్తిశేషులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు వేరొక త్రోవ చూపిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, సవరల భాషను వారినుండియే నేర్చి, అందు బడిపుస్తకములు వ్రాసి, వారి బాలురకు చదువు చెప్పించిరి. 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. సవరలకు గురువగుటకు ముందు వారు సవరలకు శిష్యులైరి. (గ్రాంథికమును నిరసించిన ఆ మహనీయుని గ్రాంథికముననే కొనియాడుచున్నాను; మన్నింతురు గాక!) ఆంధ్రప్రదేశములో 2004 ప్రాంతమున సవర, కోయ, గోండి మొదలగు ఎనిమిది భాషలలో చిన్న తరగతులకు వాచకములు సిద్ధమగుట యీ త్రోవలోని పనియే.

అయితే ఒకే గదిలో తెలుగు, ఉరుదూ, లంబాడీ మాటలాడు పిల్లలు కూడియున్నచో నేమి చేయవలెను? ఒక్కొక్కరి కొక్కొక పాఠమని పంచుటకంటె, ఒక్క వస్తువును చేతికిచ్చుట మేలు. కృష్ణాజిల్లాలోని పెడన కలంకారీ గుడ్డను దెచ్చి చూపుడు. దాని పేరులోని కలము పారసీక భాషనుండి వచ్చినది. అందలి తీగెలు, వృక్షములు పారసీకుల తోటలను దలపించును. ఎఱుపు పూర్వము మన చిరివేరునుండి తీసినది. కరక్కాయ నీట ముంచనిదే, పటిక చేర్చనిదే రంగు నిలువదు. చెక్కపై అచ్చు చెక్కు వాడొకడు, అద్దువాడొకడు, పారునీట ఉతుకువాడొకడు. ఈ గుడ్డ యెవరిదని యడిగినచో నొక్క కులమువారో, ఒక్క మతమువారో తమదే యనజాలరు. పిమ్మట, "దీనిని మీ యింట నేమందురు?" అని యడిగి, వచ్చిన మాటలన్నిటిని నల్లబల్లపై వ్రాయవలెను.

ఒక హెచ్చరిక. లంబాడీ బాలికను నిలువబెట్టి, "మీవారి ఆట ఆడి చూపు" మనరాదు. ఆమె చదువుకొనుటకు వచ్చినది గాని వేడుక చూపుటకు రాలేదు. చెప్పదలచినచో వినవలెను, ఊరకున్నచో నూరకుండనీయవలెను.

పాఠ్యప్రణాళికలో దీనికి తావు లేదందురు కొందరు. బట్టలు, ఇల్లు, వంట అను పాఠములు లేని చిన్న తరగతి యేది? ఆ గంటలు చాలును.