వైరస్ లేదు.. అయినా ఆగని రొయ్యల మరణాలు

భీమవరం: వైరస్ పరీక్షలో ఏమీ తేలదు. తెల్లవారేసరికి మాత్రం గట్టు వెంబడి చనిపోయిన రొయ్యలు కనిపిస్తాయి. 2009లో అనుమతి లభించిన వనామీ సాగు తరువాతి కాలంలో పశ్చిమగోదావరి మంచినీటి చెరువులకూ విస్తరించింది. అయితే అది స్వతహాగా సముద్ర జీవి. బోరు నీటిలో ఉప్పదనం ఒక్కటే కొలిచి ఊరుకుంటే చాలదు. పొటాషియం, మెగ్నీషియం కొరవడితే కుబుసం విడిచిన రొయ్యకు పెంకు సకాలంలో గట్టిపడదు. మెత్తగా ఉన్న దానిని తోటి రొయ్యలే పీక్కుతింటాయి.

మరణించే వేళ కూడా కారణాన్ని సూచిస్తుంది. వేకువజామున రొయ్యలు పైకి తేలితే ముందుగా ప్రాణవాయువు కొరతను శంకించాలి. రాత్రివేళ నాచుతో సహా చెరువులోని జీవులన్నీ దానిని వాడుకునేవే. మబ్బు రోజుల్లో పగటి ఉత్పత్తీ తగ్గి ముప్పు ముదురుతుంది. మధ్యాహ్నం మరణాలైతే, పీహెచ్ పెరిగి అమ్మోనియా విషతుల్యమైందేమో చూడాలి.

విచారకరమేమంటే, ఈ కొలతలకన్నా ముందే మందులు గట్టుకు చేరుతున్నాయి. యాంటీబయాటిక్స్ అమ్మోనియాను తగ్గించవు సరికదా, అవశేషాలు మిగిలితే ఎగుమతి సరుకు తిరస్కరణకు గురవుతుంది. ప్రయోగశాలకు కొన ఊపిరితో ఉన్న రొయ్యనే, చెరువు నీటితోపాటు తీసుకెళ్లాలి. చనిపోయి గంటలు గడిచినది కుళ్లి, అసలు కారణాన్ని కప్పివేస్తుంది.