జీవోలో జమ్మి, నేల మీద సర్కారు తుమ్మ

దసరా నాడు పాలపిట్టను చూసి, జమ్మికి మొక్కి, నాలుగు ఆకులు తెచ్చి పెద్దల చేతిలో పెడతాం. దాన్ని ఆకు అనం, బంగారం అంటాం. పగ ఉన్నోళ్లు కూడా ఆ పూట అలయ్ బలయ్ తీసుకుంటారు. పాండవులు ఆయుధాలు దాచుకున్న చెట్టు అని అవ్వ చెప్పిన కథ మనకు తెలుసు. అందుకే 2014 నవంబర్‌లో కొత్త రాష్ట్రం జమ్మిని తన వృక్షంగా ప్రకటించినప్పుడు ఎవరూ అదేం చెట్టని అడగలేదు. ఉమ్మడి రాష్ట్రానికి వేప గుర్తుగా ఉండేది. వేప మీద మనకు కోపం లేదు. వేపమండ లేకుండా బోనం లేవదు. కానీ మన గుర్తును మనమే ఎంచుకునే హక్కు కోసమే కదా ఇంత కొట్లాట జరిగింది!

ఇప్పుడు ఒక్క ప్రశ్న. గుర్తు అయినందుకు జమ్మికి దక్కిందేమిటి?

దీనికి జవాబు వెతకాలంటే ముందు జార్ఖండ్ దాకా పోయి రావాలి. అక్కడి ఆదివాసీకి సాల వృక్షమే గుడి. అది పూత పూసినప్పుడే సర్హుల్ పండుగ. 1970ల చివర్లో ఉమ్మడి బీహార్ అటవీ అభివృద్ధి సంస్థ సింగ్‌భూమ్‌లో సాల చెట్లను నరికి టేకు నాటడం మొదలుపెట్టింది. టేకుతో సర్కారుకు పైసలొస్తాయి. సాలతో ఆదివాసీకి గింజ, ఆకు, గుగ్గిలం, కట్టె దొరుకుతాయి. లెక్క అర్థం కావడానికి జనానికి ఎంతోసేపు పట్టలేదు. సాల అంటే జార్ఖండ్, టేకు అంటే బీహార్ అన్నారు. టేకు నర్సరీలను పీకేశారు. 1980 సెప్టెంబర్ 8న గువాలో పోలీసు తూటాలకు నేలకొరిగారు. ఒక చెట్టు రాష్ట్ర డిమాండుకు జెండా అయిన ఘట్టం అది.

2000 నవంబర్‌లో జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలు ఏర్పడ్డాయి. రెండూ సాలనే రాష్ట్ర వృక్షంగా పెట్టుకున్నాయి. న్యాయమే. మరి ఆ తర్వాత? జార్ఖండ్‌లోని సారండా సాల అడవి కింద ఇనుప ఖనిజం ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని హస్‌దేవ్ అరణ్యం కింద బొగ్గు ఉంది. గనులు వద్దని హస్‌దేవ్ ఆదివాసీలు 2021 అక్టోబర్‌లో దాదాపు 300 కిలోమీటర్లు నడిచి రాయ్‌పూర్ చేరుకున్నారు. అయినా 2022లో, మళ్లీ 2023 డిసెంబర్‌లో పోలీసు పహారా మధ్య చెట్లు కూలాయి. రాష్ట్రం వాళ్లది, రాష్ట్ర వృక్షం వాళ్లది, గొడ్డలి మాత్రం ఎప్పటిదే!

రాజస్థాన్ ముచ్చట మనకు ఇంకా దగ్గరిది. అక్కడ ఖేజ్రీ అనేది మరేదో కాదు, మన జమ్మే. 1730లో జోధ్‌పూర్ రాజు కోట పనికి సున్నం కాల్చే కట్టె కోసం మనుషులను పంపితే, ఖేజర్లీ ఊళ్లో అమృతాదేవి చెట్టును కావలించుకుని ప్రాణమిచ్చింది. ఆమె వెంట బిష్ణోయ్‌లు ఒక్కొక్కరే ముందుకొచ్చారు. మొత్తం 363 మంది. ఆ చెట్టును 1983లో రాష్ట్ర వృక్షం చేశారు. కానీ అనుమతి లేకుండా నరికితే 1955 నాటి కౌలు చట్టం రాసిన జరిమానా వంద రూపాయలు. ఈ మధ్య బీకానేర్, జైసల్మేర్ వైపు సోలార్ ప్లాంట్ల కోసం వేల ఎకరాలు చదును చేస్తుంటే, బిష్ణోయ్‌లు మళ్లీ ధర్నాలకు దిగాల్సి వచ్చింది. సోలార్ కరెంటు మంచిదే. కానీ ఎడారిలో నీడనిచ్చి, మేకకు మేతనిచ్చి, మనిషికి కాయనిచ్చే చెట్టును తీసేసి తెచ్చే పచ్చదనం ఏపాటిది?

ఇక మన ఇంటికొద్దాం. జమ్మిని రాష్ట్ర వృక్షం చేసిన మరుసటి ఏడాది, 2015లో, హరితహారం మొదలైంది. మొక్కలు నాటడం తప్పనం. కానీ రోడ్ల వెంట బారులు తీరింది జమ్మి కాదు, తొందరగా పచ్చగా కనిపించే కోనోకార్పస్. తర్వాత అదే మొక్కను పెంచొద్దన్నారు. సింగ్‌భూమ్‌లో టేకు నాటిన బుద్ధికీ దీనికీ తేడా ఎంత? నేలను అడగకుండా, ఊరిని అడగకుండా, లెక్క చూపడానికి నాటడమే కదా!

చెరువు శిఖాల్లో, ఒర్రెల వెంట, బీళ్లలో చూడండి. అక్కడ ఏలుతున్నది సర్కారు తుమ్మ. అది జమ్మికి దగ్గరి చుట్టమే. కానీ సముద్రాలు దాటి వచ్చి, పక్కన ఇంకో మొక్కను బతకనివ్వని చుట్టం. జీవోలో జమ్మి, నేల మీద సర్కారు తుమ్మ. దసరా నాడు ఎన్ని ఊళ్లలో జమ్మి చెట్టు దొరకక, ఎక్కడి నుంచో కొమ్మ నరుక్కొచ్చి గద్దె మీద పాతి మొక్కడం లేదు? పూజ పేరుతో మన చేతులే ఆ చెట్టును కొరుగుతున్నాయి. నింద ఒక్క పాలకుల మీదే వేసి చేతులు దులుపుకోలేం.

గుర్తుల గతి ఏమిటో 2025 వసంతంలో కంచ గచ్చిబౌలిలో చూశాం. 400 ఎకరాల కోసం బుల్‌డోజర్లు దిగాయి. మనం రాష్ట్ర జంతువుగా రాసుకున్న చుక్కల జింక తిరిగే చోటది. విద్యార్థులు అడ్డం పడ్డారు, లాఠీలు చూశారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్నది. అప్పటికే దాదాపు వంద ఎకరాలు నున్నగా అయింది. ఒక సర్కారు గుర్తులు ప్రకటించింది, ఇంకో సర్కారు బుల్‌డోజర్ పంపింది. జెండా మారినా భూమిని చూసే కన్ను మారలేదు.

కాబట్టి అడగాల్సింది పెద్దదేం కాదు. ఊరి జమ్మి ఎక్కడుందో గ్రామసభ రికార్డులో ఎక్కాలి. దాన్ని తీయాలంటే ఆఫీసరు సంతకం కాదు, గ్రామసభ తీర్మానం కావాలి. ప్రతి సర్కారు నర్సరీలో జమ్మి మొలకలు ఉండాలి. నాటిన లెక్క కాదు, మూడేండ్ల తర్వాత బతికిన లెక్క చెప్పాలి. విద్యార్థులు, ఉద్యోగులు తమ క్యాంపస్‌లో, ఆఫీసు ఆవరణలో ఒక్కటి నాటి నీళ్లు పోయాలి. ఈ దసరాకు కొమ్మ నరకొద్దు, ఆకు తెంపితే చాలు.

పాండవులు జమ్మి మీద ఆయుధాలు దాచి ఊరికే వదిలేయలేదు, గడువు తీరగానే తిరిగొచ్చి తీసుకున్నారు. రాష్ట్రం వచ్చిందని మనం కూడా మన ప్రశ్నలను ఆ చెట్టు మీదనే పెట్టి మరిచిపోయాం. చెట్టు ఉన్నప్పుడే దించుకోవాలి.