చీరల మడతలలోని మందు

కూఁతునకు కీళ్ళవాతమున్నదని తెలిసినతోడనే మన యిండ్లలో మొదట వెదకునది వైద్యుని కాదు, రహస్యమును. ప్రొద్దుట పిడికిలి బిగింపలేని పిల్లను పెండ్లిచూపులకు గాజులతో కూర్చుండఁబెట్టుదురు. మాత్రలు చీరల మడతలలో దాఁగును. భావనపాడు రేవున వలలల్లు నింటను, చదువుకొన్నవారి మేడలోను ఈ యాచార మొక్కటియే. ఇది పరువును కాపాడదు. తల్లికిని, పుట్టఁబోవు బిడ్డకును ముప్పు తెచ్చునని నా వాదము.

ఈ వ్యాధి పూర్వజన్మపాపము గాదు. శరీరమును కాపాడవలసిన రక్షకకణములే, కంచె చేను మేసినట్లు, కీళ్ళలోని పొరపైఁ బడుటచేఁ గలుగునది. పురుషులకంటె స్త్రీలలో రెండు మూఁడు రెట్లధికము. మాధవనిదానమున ఆమవాతమునకుఁ బ్రత్యేకాధ్యాయమే కలదు. పూర్వులు వ్రాసి చదివించిన విషయమును మనము నోటఁ బలుకుటకు జంకుచున్నాము!

"కడుపు పండిన నొప్పులు పోవును" అని పెద్దలందురు. ఇందు సగము సత్యము. గర్భిణులలో నీ నొప్పులు తగ్గుటను గూర్చి 1938లో ఫిలిప్ హెంచ్ అను అమెరికా వైద్యుఁడు ప్రకటించెను. శిశువులో సగము తండ్రి పాలు. ఆ పరాయి భాగమును త్రోసివేయకుండుటకై తల్లి రక్షకకణముల తీరు మాఱును. అందువలననే కీళ్ళును ఊరట చెందునని పరిశోధకులు తలఁచుచున్నారు. కాని యందఱికిని తగ్గదు. తగ్గినవారిలోఁ బెక్కండ్రకుఁ బ్రసవమైన కొలఁది నెలలకే తిరుగఁబెట్టును. చంకలోఁ బసిబిడ్డ యుండఁగా చేతులు పనిచేయని దినములవి. పెండ్లి వైద్యము కానేరదు.

ఇఁక మందు మాట. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయమునందు 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగాఁ దయారయ్యెను. దానికి విరోధులైన మందులును అచటనే పుట్టినవి. నేఁడు కీళ్ళవాతమునకు వారమున కొకమాఱు ఇచ్చు మెథోట్రెక్సేట్ ఆ కోవలోనిది. మొదటిది కణవిభజనకుఁ దోడు. రెండవది దానికి అడ్డు.

గర్భస్థశిశువు పెరుగుట కణవిభజనచేతనే గదా! అప్పుడు మెథోట్రెక్సేట్ మ్రింగినచో గర్భస్రావమో, అంగవైకల్యమో కలుగవచ్చును. కావున గర్భధారణకు ఒకటి మొదలు మూఁడు నెలల ముందే, వైద్యుని యాలోచనతో దానిని మాని, గర్భిణులకుఁ దగిన హైడ్రాక్సీక్లోరోక్విన్ వంటి మందునకు మాఱవలెను. శిశువు మెదడు, వెన్నుపాములకు మూలమైన నాళము గర్భము నిలిచిన 28 దినములలోనే మూసికొనును. కనుక ఫోలిక్ ఆమ్లమును సైతము ముందే ఆరంభింపవలెను.

భర్తకే తెలియని మందును గూర్చి ఆ పిల్ల యెవరితో నాలోచించును? అత్తవారికి వెఱచి యన్నియు మానినచో వ్యాధి విజృంభించును. చాటుగా మ్రింగినచో గర్భమునకు ముప్పు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ నుయ్యి త్రవ్వినది రోగము గాదు, మనము. పైఁగా నీ మందు మూత్రపిండముల ద్వారా వెలువడునది. మూత్రపిండవ్యాధి ప్రబలిన ఉద్దానమునకుఁ జేరువనున్న మనకు రక్తపరీక్ష లేని చాటువాడుక మఱింత ప్రమాదకరము.

"చెప్పినచో సంబంధము తప్పిపోవును" అందురు. తప్పిపోనిండు! ముందు చెప్పఁగా వెనుదీయువాఁడు, మోసపోతినని తలఁచిన పిదప ఆదరించునా? వరుని మధుమేహమును, మద్యపానమును దాఁచువారికి లేని సిగ్గు వధువు కీళ్ళకేల?

తెలుఁగువాని పరిశోధనలో వేళ్ళుగల మందును తెలుఁగింట దొంగసొత్తువలె దాఁచుట మనకుఁ దగదు. తల్లులారా, తండ్రులారా! జాతకములు మార్చుకొనునప్పుడు ఉభయపక్షముల వైద్యుని చీటీలను గూడ మార్చుకొనుఁడు. గ్రహములు కలియకున్నను కాపురములు సాగినవి. దాఁచిన మందు కడుపులోని బిడ్డను విడువదు.