కాకతీయ నామము, చెరువుల ఋణము

ఓరుగల్లున 1976లో స్థాపితమైన విశ్వవిద్యాలయము కాకతీయుల పేరు ధరించినది. ఆ ప్రభువుల కాలమున వెలసిన పాకాల, రామప్ప, లక్నవరము చెరువుల క్రింద నేటికిని పొలములు పండుచున్నవి. ఆ పేరునకు ఈ విద్యాలయము చెల్లింపవలసిన ఋణము లేదా?

1969లో 37 విశ్వవిద్యాలయములలో జాతీయ సేవాపథకము ఆరంభమైనది. పలుచోట్ల వారము దినములు పల్లెలో విడిసి వీధులూడ్చినంతనే ఆ సేవ ముగియుచున్నది. ఊడ్చిన వీధి మఱునాడే యథాప్రకారము!

విద్యార్థులు ఒక్కొక్క చెరువును మూడేండ్లు విడువక పరీక్షింపవలెను: పూడిక యెంత, తూములు పనిచేయుచున్నవా, శిఖము భూమి నెవరాక్రమించిరి? ఆ లెక్కలు తెలుగున వ్రాసి, గ్రామసభలో రైతుల యెదుట చదువవలెను. అట్టి పనికి పట్టపరీక్షలో మార్కులు ఈయవలెను. శిఖము దున్నుకొనుచున్నవారిలో మా పాఠకులును కొందఱుండవచ్చును. వారి పేర్లను సైతము దాచక చదువవలెను.