పామర్ లక్కీ గారికి, బెలుం గుహల దగ్గర్నుంచి



మా నంద్యాల జిల్లాలో మీ పేరు తెలిసినవాళ్లు తక్కువే. మీరు తయారుచేసిన వస్తువు మాత్రం ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు బాగానే తెలుసు. కళ్లకు తగిలించుకుంటే ఇంకో లోకంలో నిలబెట్టే వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ అది. ఈ ఉత్తరం ఆ హెడ్‌సెట్ కంపెనీని మీరు అమ్మిన తీరు గురించి. పాత బేరాన్ని ఇప్పుడెందుకు తవ్వుతున్నారని మీరు అడగొచ్చు. మా విద్యార్థులు కొందరు బెలుం గుహలను హెడ్‌సెట్‌లో చూపించాలనుకుంటున్నారు. అందుకు నెట్‌లో జనం దగ్గర డబ్బు పోగుచేస్తామంటున్నారు. అలా పోగుచేసేవాళ్లు ముందు చదవాల్సింది మీ కథే.

బెలుం గురించి కొంచెం చెప్పాలి. కొలిమిగుండ్ల మండలంలో నేల కింద 3,229 మీటర్ల పొడవున పరుచుకున్న సున్నపురాయి గుహలివి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి సంగతి రికార్డుకెక్కించాడు. మళ్లీ 1982-83లో డేనియల్ గెబావర్ అనే జర్మన్ వచ్చి తన బృందంతో లోపలంతా తిరిగి కొలతలు వేశాడు. దశాబ్దాలపాటు చుట్టుపక్కల చెత్త ఇందులోనే పడేది. పర్యాటకాభివృద్ధి సంస్థ బురద ఎత్తించి, దారులు వేసి, దీపాలు పెట్టి 2002లో జనానికి తెరిచింది. ఇప్పుడు కిలోమీటరున్నర దాకా నడిచి చూడొచ్చు.

అయితే మోకాళ్లు బాగుండాలి. మెట్లు దిగీ దిగకముందే ఉక్క మొదలవుతుంది. పైనుంచి గొట్టాలతో గాలి పంపుతున్నా చొక్కా వీపుకు అతుక్కుపోతుంది. కొన్ని సందుల్లో నడుం వంచి ఒకరి వెనక ఒకరు పోవాల్సిందే. పాతాళగంగ చూడాలంటే నేలమట్టానికి 150 అడుగుల లోతుకు దిగాలి. ఆళ్లగడ్డ వైపు నుంచి ఇంటిల్లిపాదీ ఆటో కట్టించుకుని వస్తే, అవ్వాతాతలు పైనే బుద్ధుడి విగ్రహం దగ్గర్లో కూర్చుని సంచులకు కాపలా ఉంటారు. వాళ్లకు గుహ చూపించగలిగేది మీ హెడ్‌సెట్టే. అందుకని మీ వస్తువు మీద నాకు గౌరవం ఉందని ముందే చెబుతున్నాను.

2012 ఆగస్టు 1న, నెట్‌లో జనం దగ్గర డబ్బు పోగుచేసుకునే కిక్‌స్టార్టర్ సైటులో మీరు అడిగింది రెండున్నర లక్షల డాలర్లు. నెల తిరిగేసరికి 9,522 మంది కలిసి 24 లక్షల 37 వేల డాలర్లు ఇచ్చారు. అప్పటి మారకంలో దాదాపు 13 కోట్ల రూపాయలు. మీకప్పటికి 19 ఏళ్లు. చేతిలో ఉన్నది నమూనా ఒక్కటే, కొనడానికి దుకాణంలో వస్తువు లేదు. 25 డాలర్లు ఇచ్చినవాళ్లకు టీషర్టు, 300 ఇచ్చినవాళ్లకు డెవలపర్ కిట్ అన్నారు. కొంచెం ఆలస్యమైనా 2013లో కిట్లు పంపారు. ఆ లెక్కలో మీరు ఎవరికీ బాకీ లేరు.

2014 మార్చి 25న ఫేస్‌బుక్ మీ కంపెనీ ఆక్యులస్‌ను 200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. అంటే అప్పటి లెక్కన మా 12 వేల కోట్ల రూపాయలు. 2013లో షేర్లు తీసుకుని పెట్టుబడి పెట్టిన వెంచర్ కంపెనీలకు వాటా దక్కింది. కిక్‌స్టార్టర్ జనానికి ఆ వార్త మిగతా ప్రపంచంతో పాటే తెలిసింది. చందా వెనక్కిమ్మని కొందరు, మోసపోయామని కొందరు తిట్టిపోశారు. పదివేల డాలర్లు ఇచ్చిన, మైన్‌క్రాఫ్ట్ గేమ్ సృష్టికర్త మార్కస్ పెర్సన్, ఫేస్‌బుక్ అంటేనే తనకు గుబులని చెప్పి, మీ హెడ్‌సెట్‌కు మైన్‌క్రాఫ్ట్ తెచ్చే ఆలోచన మానుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన కంపెనీ మొజాంగ్‌ను మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు కొనేసింది. ఎదుటివాడి బేరం మీద కోపం రావడం తేలిక.

మాకూ వాటా రావాలి కదా అన్నవాళ్లతో నేను ఏకీభవించను. 2012లో మీ దేశంలో మామూలు జనం అలా నెట్‌లో చిన్న కంపెనీ షేర్లు కొనే వీలే లేదు. అందుకు వీలిచ్చే నిబంధనలు అమల్లోకి వచ్చింది 2016 మేలో. ఇచ్చినవాళ్లు కిట్టుకే ఇచ్చారు, కిట్టు అందింది. మా ఊళ్లల్లో రథానికి చందా ఇచ్చినవాళ్ల పేర్లు బండమీద చెక్కిస్తారు. రథం మీద హక్కు ఎవరూ అడగరు. కానీ ఆ రథాన్ని అమ్ముతామంటే ఊరంతా రచ్చబండ దగ్గర చేరుతుంది, ఇచ్చిన వంద రూపాయల కోసం కాదు, మాట అడగలేదని.

నా ఫిర్యాదూ ఆ మాట గురించే. అమ్మకం రోజుల్లో జనం భయపడింది ఒక్కదానికి: రేపు ఈ హెడ్‌సెట్ వాడాలంటే ఫేస్‌బుక్ ఖాతా ఉండాలంటారేమోనని. అలా ఉండదని మీరు భరోసా ఇచ్చారు. 2017లో మీరు ఆ కంపెనీ నుంచి బయటికొచ్చారు. 2020 ఆగస్టులో అదే కంపెనీ, అక్టోబరు నుంచి కొత్తగా చేరేవాళ్లకు ఫేస్‌బుక్ ఖాతా తప్పనిసరి అంది. మాట ఇచ్చిన మనిషి లేడు, కొన్నవాడిని ఆ మాట కట్టిపడేయలేదు. అప్పట్లో మిమ్మల్ని నమ్మనివాళ్ల అనుమానమే సరైనదని మీరే ఒప్పుకున్నారు. అది మీ పెద్దమనసు. రెండేళ్లకు, 2022లో, ఆ షరతు తీసేసి, ఫేస్‌బుక్ కంపెనీ కొత్త పేరు మీద మెటా ఖాతా పెట్టారు.

2016లో మీరు ఇంకో మంచి పని చేశారు. కిట్టుకు డబ్బు కట్టినవాళ్లందరికీ 599 డాలర్ల రిఫ్ట్ హెడ్‌సెట్ ఉచితంగా ఇస్తామన్నారు. చట్టం అడగని బాకీ అది. బాకీ ఏదో ఉందని మీకూ అనిపించిందన్నమాట. కాకపోతే టీషర్టుకు డబ్బు కట్టినవాళ్లు అందులో లేరు. మొదటి కిట్ డిజైన్లను 2014లో అందరికీ బహిరంగంగా పెట్టారు, దానికి మా పిల్లల తరఫున కృతజ్ఞతలు.

మీ తర్వాత ఇదే చిక్కు పెబుల్ స్మార్ట్‌వాచీల కంపెనీ అమ్మకంలో వచ్చింది. మూడుసార్లు కిక్‌స్టార్టర్‌లో కోట్ల డాలర్లు ఎత్తిన ఆ కంపెనీ 2016 డిసెంబరులో ఫిట్‌బిట్ చేతికి పోయింది. తయారీలో ఉన్న టైమ్ 2 వాచీ రద్దయి డబ్బు వాపసిచ్చారు, సర్వర్లు 2018 జూన్‌లో ఆగాయి. వాచీలను బతికించుకుంది వాడుకున్నవాళ్లే, సొంతంగా సేవలు నిలబెట్టుకుని. ఫిట్‌బిట్‌ను గూగుల్ కొన్నాక, 2025 జనవరిలో ఆ సాఫ్ట్‌వేర్‌ను బయటపెట్టింది. తొమ్మిదో ఏట! సేవలు ఆగితే సాఫ్ట్‌వేర్ బయటపెడతామని మొదటి రోజే ప్రకటనలో రాసి ఉంటే ఎవరి సొమ్ము పోయేది?

మళ్లీ మీ సంగతికొస్తే, 2025 మేలో మీ రక్షణ రంగ కంపెనీ ఆండ్యురిల్, మెటా కలిసి అమెరికా సైనికులకు తలపై ధరించే పరికరాలు చేస్తామన్నాయి. అది తప్పో ఒప్పో వేరే చర్చ. ఆట ఆడుకుందామని 300 డాలర్లు ఇచ్చిన మనిషి ఈ వార్త చదివి ఏమనుకుని ఉంటాడో ఆలోచించండి, చాలు.

మా దేశంలో ఈ చిక్కు ఇంకా గట్టిది. జనం నుంచి నెట్‌లో షేర్ల డబ్బు ఎత్తడంపై సెబీ 2014లో చర్చాపత్రం తెచ్చింది. 2016లో అనుమతి లేని వేదికల జోలికి పోవద్దని హెచ్చరించింది. అందుకని మా పిల్లలు ఎత్తేది ఉత్త చందాయే, హక్కుల్లేని డబ్బు. ప్రకటనలో రాసిన మాట తప్ప ఇచ్చినవాడికి ఇంకో ఆధారం ఉండదు.

మీ మాటకు ఇప్పుడు బరువుంది. జనం డబ్బుతో మొదలయ్యే ప్రతి కంపెనీ తన ప్రకటనలోనే అమ్మకం సంగతి రాయాలని మీరు బహిరంగంగా అనండి: కంపెనీ చేతులు మారితే ఈ మాటలు కొన్నవాడికీ వర్తిస్తాయి, వస్తువు వాడటానికి ఇంకెవరి ఖాతా అక్కర్లేదు, సేవలు ఆపేస్తే సాఫ్ట్‌వేర్ బయటపెడతాం, వస్తువు అందకపోతే డబ్బు వాపస్. నాలుగు ముక్కలే. బెలుం గుహల ప్రకటన రాస్తున్న మా విద్యార్థులకూ ఇదే చెబుతున్నాను: ఆ నాలుగు ముక్కలు రాయకుండా ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోవద్దు.

ఇట్లు,
నంద్యాల నుంచి ఒక అధ్యాపకుడు