రాతకు లైసెన్సు, బతుకుకు తాళం

ఇంటర్నెట్‌లో బ్లాగు రాసుకోవాలంటే ముందు 21 లక్షల షిల్లింగులు కట్టాలని 2018లో టాంజానియా ప్రభుత్వం నిబంధన పెట్టింది. దరఖాస్తుకు లక్ష, లైసెన్సుకు పది లక్షలు, ఏడాది రుసుముగా మరో పది లక్షలు. మన లెక్కన అప్పట్లో దాదాపు 60 వేల రూపాయలు. ఆ దేశ తలసరి ఆదాయం కూడా అప్పుడు ఏడాదికి ఇంచుమించు అంతే.

డబ్బు కడితే సరిపోయేదీ కాదు. పెట్టుబడి ఎంత, వాటాదారులెవరు, సిబ్బంది ఏం చదివారు అన్నదీ దరఖాస్తులో రాయాల్సి వచ్చేది. ఇంట్లో కూర్చుని ఒంటరిగా రాసుకునే మనిషి వాటాదారులను ఎక్కడినుంచి తెస్తాడు? లైసెన్సు లేకుండా రాస్తే కనీసం 50 లక్షల షిల్లింగుల జరిమానా, లేదా ఏడాదికి తగ్గని జైలు, లేదా రెండూ అన్నారు. చాలామంది బ్లాగులు మూసేసుకున్నారు. అవినీతి బాగోతాలను బయటపెట్టడంలో పేరున్న జామీఫోరమ్స్ వెబ్‌సైట్ కూడా ఆ జూన్‌లో కొన్నాళ్లు ఆగిపోయింది. దాని వ్యవస్థాపకుడు మాక్సెన్స్ మెలో, అందులో రాసినవారి వివరాలు పోలీసులకు ఇవ్వనన్నందుకు 2016లోనే అరెస్టయ్యారు.

పెద్ద పత్రికా సంస్థలకు ఇలాంటి రుసుము ఒక లెక్క కాదు. దెబ్బ పడేది చిన్నవాళ్ల మీదే. ప్రకటనలతో నాలుగు డబ్బులు తెచ్చుకునే బ్లాగరుకు అది రాత మాత్రమే కాదు, జీవనోపాధి కూడా. నోరు నొక్కితే కడుపూ మాడుతుంది.

పొరుగునే ఉన్న ఉగాండా అదే ఏడాది జులై నుంచి వాట్సాప్, ఫేస్‌బుక్ వాడితే రోజుకు 200 ఉగాండా షిల్లింగుల పన్ను వేసింది. చూడటానికి చిన్న మొత్తమే. కానీ ఏ రోజుకారోజు కూలి సంపాదించుకునేవారికి భారమే. తొలి ఏడాది అనుకున్న ఆదాయంలో ఐదో వంతు కూడా రాలేదు. చివరికి 2021లో ఆ పన్ను తీసేసి ఇంటర్నెట్ డేటా మీద 12 శాతం వేశారు. పన్నుతో జనాన్ని ఇంటర్నెట్‌కు దూరం చేస్తే ఖజానాకూ ఒరిగేదేమీ లేదని అక్కడే తేలిపోయింది.

ఈ కథ మనకూ దూరం కాదు. 2022 మేలో జిల్లా పేరు మార్పుపై అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇళ్లకు నిప్పు పెట్టిన మూకలను అదుపు చేయాల్సిందే, అందులో సందేహం లేదు. అయితే ఇంటి నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగులు ఏం తప్పు చేశారు? సిగ్నల్ అందే గోదావరి గట్లను వెతుక్కుంటూ వెళ్లి, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉద్యోగాలు కాపాడుకోవాల్సి వచ్చింది వాళ్లకు.

ఇంటర్నెట్ ద్వారా అభిప్రాయం చెప్పడానికీ, వ్యాపారం చేసుకోవడానికీ రాజ్యాంగ రక్షణ ఉందని, ఆపివేత ఉత్తర్వులను ప్రజల ముందుంచాలని కశ్మీర్ ఇంటర్నెట్ నిలిపివేత కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10న స్పష్టం చేసింది. ఈసారి మీ ఊళ్లో నెట్ ఆగిపోతే, ఆ ఉత్తర్వు ఎక్కడుందని కలెక్టరును అడగండి. ఎవరు ఇచ్చారో, ఏ కారణంతో ఇచ్చారో, ఎన్నాళ్లకో చెప్పమనండి.